తాతగారి గొంతు ఉన్న పాత క్యాసెట్టును కాపాడుకోవడం ఎలా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడితోటల మధ్య జీవితమంతా గడిపిన మా తాతగారు, ఆరేళ్లు మూత్రపిండాల వ్యాధితో బాధపడి గత నెలలో కాలం చేశారు. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు పలాస తీసుకువెళ్లేవాళ్లం. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు పడిపోయిన చెట్లను ఒక్కొక్కటిగా గుర్తుచేసుకుంటూ, దారి పొడవునా మాట్లాడుతూనే ఉండేవారు. చివరి ఏడాది మాత్రం ఆ గొంతు బాగా సన్నగిల్లిపోయింది.

ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో ఆయన ఛాతీకి రేకు తప్పెటలు కట్టుకుని తప్పెటగుళ్లు ఆడేవారు. అప్పటి పాటలు కొన్ని అరవై నిమిషాల క్యాసెట్టులో ఉన్నాయి. పెద్దకర్మ నాడు పెట్టె సర్దుతుంటే అది దొరికింది. అయితే సముద్రపు గాలి తేమకు కాబోలు, టేపు అంచుల వెంట తెల్లని బూజు పట్టింది. ఆడించి చూద్దామని మా బాబాయి తొందరపడ్డారు గానీ, టేపు తెగిపోతుందేమో, బూజు ప్లేయరు హెడ్డుకు అంటుకుంటుందేమోనన్న భయంతో నేనే వద్దన్నాను.

బూజును ఇంట్లోనే తుడవవచ్చునా, లేక చేయి తిరిగినవారికే అప్పగించాలా? టేపును కొత్త క్యాసెట్టు ప్లాస్టిక్ డొప్పలోకి మార్చడం వల్ల ఉపయోగం ఉంటుందా? కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు ఎంపీ3 కాకుండా, ధ్వనిని కుదించని వేవ్ ఫైలుగానే దాచాలంటున్నారు, అది నిజమేనా? శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నాలలో ఇటువంటి పని నమ్మకంగా చేసేవారు తెలిస్తే దయచేసి చెప్పగలరు. సంవత్సరీకం నాటికి మా నాయనమ్మకు ఆ పాటలు వినిపించాలని ఉంది.