ఉన్నత పాఠశాలకు కంప్యూటర్లు: తరగతి గదుల్లోనా, ఒకే గదిలోనా?

ప్రశ్న (పాఠశాల కమిటీ సభ్యుడు):
మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు పూర్వ విద్యార్థులు కంప్యూటర్లు కొనిస్తామంటున్నారు. ప్రతి తరగతి గదిలో ఒకటి చొప్పున పెట్టాలా, అన్నిటినీ ఒకే గదిలో అమర్చాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాము. ఆరు, ఏడు తరగతుల పిల్లల్లో చాలామందికి భాగహారం రాకపోవడమే మా అసలు బెంగ. దానికి కంప్యూటరు ఉపకరిస్తుందా, లేక ఆ డబ్బు మరో పనికి వెచ్చించడం మేలా? అనుభవజ్ఞులు తెలియజేయగలరు.

గణిత ఉపాధ్యాయురాలు:
నమస్కారమండీ. మీ బెంగ భాగహారమే అయితే వడోదరలో జరిగిన ప్రయోగం మీకు పనికివస్తుంది. అక్కడి మునిసిపల్ బడుల్లో నాలుగో తరగతి పిల్లలను ఒక్కో కంప్యూటరు ముందు ఇద్దరేసి చొప్పున కూర్చోబెట్టి, వారానికి రెండు గంటలు వారి స్థాయికి తగిన లెక్కల ఆటలు ఆడించారు. 2007లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం లెక్కల్లో మార్కులు బాగా పెరిగాయి. కాని కార్యక్రమం ఆగిన ఏడాదికల్లా ఆ లాభంలో చాలా భాగం కరిగిపోయింది. ఢిల్లీలో బడి వేళల తరువాత నడిపిన కేంద్రాల్లోనూ, 45 నిమిషాలు కంప్యూటరుతో అభ్యాసం, 45 నిమిషాలు చిన్న బృందానికి బోధన అన్న పద్ధతిలో, లెక్కల్లోనూ హిందీలోనూ మంచి ఫలితం వచ్చింది. ఏడో తరగతిలో కూర్చున్న పిల్లవాడికి మూడో తరగతి లెక్క ఇచ్చి, వాడు తప్పు చేసిన మెట్టు దగ్గరే ఆపి మళ్లీ చేయించడం, నలభై మందికి ఒకేసారి పాఠం చెప్పే నా వల్ల అయ్యే పని కాదు.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు:
అమ్మాయి చెప్పినది నిజమే. అయితే ఆ రెండు చోట్లా పిల్లల స్థాయిని బట్టి అభ్యాసాలు సిద్ధంగా ఉన్నాయి, వేళ కేటాయించారు, పక్కన పెద్దవారు ఉన్నారు. ఇవేవీ లేకుండా పెరూ దేశం లక్షల సంఖ్యలో లాప్‌టాప్‌లు పంచింది; అక్కడి గ్రామీణ బడులపై 2012లో వెలువడిన అధ్యయనంలో లెక్కల్లోగాని, చదవడంలోగాని మెరుగుదల కనిపించలేదు. ఇక నిర్వహణ సంగతి. యంత్రాలు కొనేటప్పుడు దాతలు ముందుకు వస్తారు, యూపీఎస్ బ్యాటరీ మార్చవలసినప్పుడు ఎవరూ రారు. పాడైతే జవాబు చెప్పుకోవాలన్న భయంతో ఏడాదంతా గదికి తాళం వేసి ఉంచిన బడులను నేనెరుగుదును. కాబట్టి దాతలిచ్చే సొమ్ములో మూడేళ్ల మరమ్మతులకు సరిపడా విడిగా ఉంచమని ముందే అడగండి, మొహమాటపడకండి.

జీవశాస్త్ర ఉపాధ్యాయుడు:
తరగతి గదిలో కంప్యూటరు వృథా అనను. గుండె కవాటాలు తెరుచుకుని మూసుకోవడం తెరపై చూపితే, నల్లబల్ల మీద అరగంట చెప్పినా అర్థం కానిది నిమిషంలో అర్థమవుతుంది. కాని తెర మీద చూశాక పిల్లలు పటం గీయడానికి బద్ధకిస్తున్నారు. అందుకే నేను పటం గీయించాకే తెర వేస్తాను. మీ భాగహారం సమస్యకు మాత్రం ఈ తెర పనికిరాదు.

పాఠశాల కమిటీ సభ్యుడు:
అందరికీ ధన్యవాదాలు. ఒకే గదిలో అమర్చి, ఆరు, ఏడు తరగతులకు వారానికి రెండు పీరియడ్లు కేటాయించమని ప్రధానోపాధ్యాయుల వారిని కోరుతాము. ఆ పీరియడ్లలో లెక్కల మాస్టారు గదిలోనే ఉండాలా, కంప్యూటరు తెలిసిన వేరొకరు సరిపోతారా?

గణిత ఉపాధ్యాయురాలు:
లెక్కల మాస్టారే ఉండాలండీ. ఏ పిల్లవాడు ఎక్కడ ఆగిపోతున్నాడో చూసి, మరుసటి రోజు తరగతిలో అక్కడి నుంచే మొదలుపెట్టవలసింది ఆయనే.