మేజువాణియా, మేజుబానియా?

మహారాణిపేట నుంచి:
మా మేనత్త తగరపువలస పెళ్ళిళ్ళలోని మేజువాణిని, అంటే భోగంమేళం పాటకచేరీని, తలుచుకున్నప్పుడల్లా, "మేజుబానీలో తిన్నది తెల్లారేసరికి అరిగిపోద్ది, విన్నది మాత్రం..." అనేది. ఆ తరువాతి ముక్క ఎంత ప్రయత్నించినా గుర్తు రావడం లేదు. ఎవరైనా పూరించగలరా? ఆమె 'బా' అనే పలికేది; అది పొరపాటేమో తెలియదు.

భీమిలి నుంచి:
పొరపాటు కాదండీ. పారసీకంలో మేజ్‌బాన్ అంటే ఆతిథ్యమిచ్చేవాడు, మేజ్‌బానీ అంటే ఆతిథ్యం. జవాబు, నవాబు, దర్బారులలో నిలిచిన బకారం ఇక్కడ మాత్రం వకారమైందంటే, విందుకు పిలిచిన ఇంట మనవాళ్ళ చెవిన ముందుగా పడింది పాట కాబట్టి అందులో వాణి వచ్చి కూర్చున్నదని నా నమ్మకం.

ఎం.వి.పి. కాలనీ నుంచి:
ఆ వాణిని గురజాడవారు పట్టుకోకుండా ఉంటారా? 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన కన్యాశుల్కంలో నాయికకు మధురవాణి అని పేరు పెట్టడంలో మేజువాణి ధ్వని తప్పక ఉంది. అందులోని యాంటీనాచి (భోగంమేళాల వ్యతిరేకి) సౌజన్యారావు పంతులు మన విశాఖ వకీలే కదా!

భీమిలి నుంచి:
మధురవాణి అచ్చమైన సంస్కృత సమాసం. దానికి పారసీకపు చుట్టరికం కలపకండి.

సింహాచలం నుంచి:
మీరిద్దరూ 'వా' దగ్గరే ఆగారు. మా నాయనమ్మ 'మేజువానీ' అని దంత్య నకారంతోనే అనేది, కనుక ఆమె చెవిన సరస్వతి లేదు. మేళం ముందు కూర్చునే వీలులేని ఆడవాళ్ళు మేడమీద చీకట్లో నిలబడి విన్న జావళిని, అంటే శృంగారపు చిన్న పాటను, మర్నాడు పూలదండ గుచ్చుతూ, తెలియని మాటల చోట సొంత మాటలు వేసి పాడుకునేవారట. అంటే పాడినామెకు గడప దాటే అర్హత లేకపోయినా ఆమె పాట వంటింటి దాకా వెళ్ళిందన్నమాట. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల వెలిశాక కృతికి గురువులు కుదిరారు గానీ, జావళికి ఆ దండలు గుచ్చే చేతులే దిక్కయ్యాయనిపిస్తుంది. 1947 నాటి మద్రాసు దేవదాసీ నిషేధ చట్టం తరువాతి కాలంలో పుట్టిన నాకు తీర్థంలో మైకుసెట్టువాడి రికార్డుల పెట్టెయే మేజువాణి. అందులో ఏ పాట ఉంటే ఊరంతా ఏడాదిపాటు అదే పాడేది.

ఎం.వి.పి. కాలనీ నుంచి:
నకారం ఉచ్చారణ దోషం కావచ్చు. అసలు వాక్యంలో "విన్నది మాత్రం అరగదు" అనే ఉంటుంది.

మహారాణిపేట నుంచి:
అర్థం కుదిరింది గానీ, ఆ చివరి మాటలో ళకారం ఉన్నట్టు గుర్తండీ.