పాడుతూ వాయించడానికి: ఫ్లయింగ్ వి, ఎస్‌జీ, లెస్ పాల్ గిటార్లలో ఏది?

ఆరుతీగలు:
మాది హార్డ్ రాక్ కవర్ బ్యాండ్, అంటే వేరేవాళ్ల పాటలు వాయిస్తాం. షో రెండు గంటలు, అంతసేపూ నిలబడే ఉండాలి. గిటార్ వాయించేదీ, పాడేదీ నేనే. వేదిక మీద చూడగానే రాక్ అనిపించాలి. ఈ మూడింట్లో ఏది తీసుకోమంటారు? ఇబ్బందులేంటి?

మహోగని:
మూడూ గిబ్సన్ కంపెనీవే అయినా మనిషి నిలబడే తీరునే మార్చేస్తాయండి. 1952లో వచ్చిన లెస్ పాల్ చాలావరకు 4 కిలోలు దాటుతుంది. ఆ బరువుకి మనిషి ఒకచోట కుదురుగా నిలబడతాడు. లెడ్ జెప్పెలిన్ గిటారిస్టు జిమ్మీ పేజ్‌లా తొడల దాకా వేలాడదీస్తే చూడ్డానికి భలే ఉంటుంది గానీ, ఎడమ మణికట్టు బాగా వంగి మొదటి ఫ్రెట్లలో (మెడ మీది లోహపు గీతల మధ్య గళ్లలో) బార్ కార్డులు (ఒకే వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కేవి) సరిగ్గా పలకవు. కూర్చుని వాయించే ఎత్తుకంటే నాలుగు వేళ్లు కిందికి, అంతే. 3 అంగుళాల వెడల్పున్న స్ట్రాప్, అది ఊడిపోకుండా పట్టే స్ట్రాప్ లాకులు తప్పనిసరి. హెడ్‌స్టాక్ (మెడ చివర తీగలు చుట్టే తల) వెనక్కి వాలి ఉంటుంది, పైగా ట్రస్ రాడ్ (మెడ లోపలి లోహపు కడ్డీ) కోసం నట్ (మెడ పైకొసన తీగలు ఆనే గాళ్ల పట్టీ) దగ్గర చెక్క తొలిచేస్తారు. స్టాండ్ మీంచి వెనక్కి పడితే విరిగేది అక్కడే.

కొమ్ములగిటార్:
పాడేవాళ్లకి నా ఓటు ఎస్‌జీకే. పలచటి బాడీ, రెండు కొమ్ములు, తేలిక. ఏసీ/డీసీ గిటారిస్టు యాంగస్ యంగ్ వేదికంతా పరుగెత్తగలిగాడంటే అందులో ఈ తేలికదనం పాత్ర ఉంది. లోపం ఒకటే: మెడవైపు స్ట్రాప్ తగిలించే బటన్ మెడ అతికే చోట వెనక ఉంటుంది, బాడీకి బరువు లేదు. జనం వైపు ఎడమ చెయ్యి ఎత్తగానే హెడ్‌స్టాక్ కిందికి జారుతుంది. నున్నటి నైలాన్ స్ట్రాప్‌తో ఇంకా ఎక్కువ. లోపలివైపు గరుకుగా ఉండే తోలు స్ట్రాప్ భుజాన్ని పట్టుకుంటుంది. కొమ్ముకి కొత్తగా బటన్ బిగించమని ఎవరైనా చెప్తే వినకండి, పలచటి చెక్క చీలొచ్చు.

మహోగని:
ఒప్పుకుంటాను. అయితే చివరి వరసకి కూడా ఆకారం తెలియాలంటే వి అక్షరంలా రెండు రెక్కలుండే ఫ్లయింగ్ వి తర్వాతే ఏదైనా. 1958లో వచ్చినప్పుడు కొన్నవాళ్లు బహు తక్కువ. ఆల్బర్ట్ కింగ్ దాని మీద బ్లూస్ వాయించాడు కాబట్టి మెటల్ సంగీతానికే అనుకోవద్దు. మామూలు స్టాండ్ మీద సరిగ్గా కూర్చోదు, మెడ పట్టి వేలాడదీసే స్టాండ్ కొనాలి. ఇరుకు వేదికల్లో రెక్కలు మైక్ స్టాండ్‌కి తగులుతాయి. కూర్చుని సాధన చేసేటప్పుడు తొడ మీంచి జారిపోతుంది, కుడి తొడని రెండు రెక్కల సందులో పెట్టుకోవాలి.

శ్రుతిపెట్టె:
ఇంకోటి. మూడింటికీ ట్యూనర్లు (శ్రుతి మరలు) అటు మూడు, ఇటు మూడు. జి తీగ నట్ దాటాక పక్కకి వంగుతుంది కాబట్టి బెండ్ చేశాక (వేలితో పక్కకి లాగాక) నట్ గాడిలో ఇరుక్కుని శ్రుతి తప్పుతుంది. తీగలు మార్చేటప్పుడు గాడిలో మెత్తటి పెన్సిల్ ముక్కు రుద్దండి. రంగు కూడా చూసుకోండి, నల్ల తెర ముందు నల్ల గిటార్ కనబడదు. కొనేముందు దుకాణంలోనే స్ట్రాప్ వేసుకుని, ఎడమ చెయ్యి వదిలేసి ఒక పాట మొత్తం పాడి చూడండి.