సైడ్ డ్రమ్ సెలక్షన్‌కి మూడు వారాలే ఉంది, మృదంగం చేతిని ఎలా మార్చుకోవాలి?

తిరుచానూరు_తాళం:
అన్నలకు, అక్కలకు నమస్కారం. తిరుపతిలో డిగ్రీ చదువుతున్నా. మా కాలేజీ మార్చింగ్ బ్యాండులో రెండు సైడ్ డ్రమ్ (స్టిక్కులతో కొట్టే స్నేర్ డ్రమ్) స్థానాలు ఖాళీ అయినాయి. మూడు వారాల్లో సెలక్షన్. మృదంగం నేర్చుకుంటున్నా కాబట్టి ఆది, రూపకం, మిశ్ర చాపు లెక్కలు వస్తాయి, స్టిక్కు మాత్రం కొత్త. నోటీసులో పెట్టినవి ఇవి: కదమ్‌తాల్ (ఉన్నచోటే మార్చింగ్ అడుగులు) వేస్తా 2/4, 6/8 తాళాలు వాయించాలి. పారాడిడిల్, ఫ్లామ్, ఫైవ్ స్ట్రోక్ రోల్ అనే దెబ్బల వరుసలు. జాతీయగీతం ముందు వచ్చే రోల్ (తెగకుండా సాగే డ్రమ్ము మోత). అప్పటికప్పుడు చూసి వాయించేదానికి నాలుగు బార్లు (రాసిన సంగీతంలో ఆవర్తనం లాంటి గళ్లు). డ్రమ్ము ఇంటికి ఇయ్యరు, నా దగ్గర ప్రాక్టీసుకు కొట్టుకునే ప్యాడ్ కూడా లేదు. రోజుకు గంటన్నర దొరుకుతుంది. కాలు వేస్తే చెయ్యి తప్పుతోంది, చేతి మీద ధ్యాస పెడితే కాలు ఆగుతోంది. ముందు దేని మీద కూర్చోవాలి?

కొర్లగుంట_స్నేర్:
తమ్ముడూ, ముందు కాలు. ఒక్కో అడుగు ఒక అక్షరం, అంటే తాళంలో ఒక లెక్క అనుకో. 2/4లో అడుగుకు తకధిమి, 6/8లో అడుగుకు తకిట. రెండింటికీ నడక వేగం ఒకటే, నిమిషానికి 120 అడుగుల దగ్గర. చతురశ్రం (నాలుగు) నుంచి తిశ్రానికి (మూడు) నడ మారినట్టే, అడుగు కదలదు. ఎడమ కాలు ఎప్పుడూ బార్ మొదటి దెబ్బ మీదే పడాలి. బాస్ డ్రమ్ము దెబ్బ అక్కడే వస్తుంది.

ఇప్పుడు చేతులు చూడు. తకధిమిని కుడి ఎడమలు మార్చి మార్చి కొడితే ప్రతి అడుగుకూ కుడి చెయ్యే వస్తుంది. తకిటలో అట్ల కాదు, ఎడమ కాలికి కుడి చెయ్యి వస్తే కుడి కాలికి ఎడమ చెయ్యి వస్తుంది. అడుగు బరువును ఎడమ చెయ్యి మొయ్యాల్సి వచ్చిన చోట కాలు తడబడుతుంది. నీకు తప్పేది ఎక్కువగా 6/8లోనేనేమో గమనించు.

సరిచేసే వరుస ఇది. స్టిక్కులు పక్కన పెట్టి మెట్రోనోమ్ (లయకు క్లిక్ కొట్టేది) 60కి కదమ్‌తాల్ వేస్తా నోటితో తకిట చెప్పు. అది రెండు నిమిషాలు ఆగకుండా వచ్చినాక తొడల మీద అరచేతులతో కొట్టు. ఆ తర్వాతే స్టిక్కు తీసుకో. వేగం 4 చొప్పున పెంచు. తప్పితే 8 తగ్గించు, అదే వేగంలో మొండిగా తిప్పొద్దు. అట్ల తిప్పితే తప్పే అలవాటవుతుంది. ఉన్న టైములో మొదటి ఇరవై నిమిషాలు దీనికే ఇయ్యి. తారకరామ స్టేడియంలో పొద్దున నడిచేవాళ్ల పక్కన ఇయర్‌ఫోన్‌లో క్లిక్ పెట్టుకొని 116, 120కి నడిచినా లాభమే.

మృదంగం చేతికి ఇంకో చిక్కు ఉంది. అక్కడ వలంతల (కుడి వైపు), తొప్పి (ఎడమ వైపు) వేరువేరుగా పలకాలి. ఇక్కడ రెండు చేతులూ ఒకటే పలకాలి. కుడితో ఎనిమిది, ఎడమతో ఎనిమిది, ఒకే ఎత్తు నుంచి కొట్టి ఫోన్‌లో రికార్డు చెయ్. కళ్లు మూసుకొని విన్నప్పుడు ఇది ఏ చెయ్యో తెలిసిపోతే ఇంకా సమం కాలేదు. ఎడమతో మొదలుపెట్టే అభ్యాసం రెట్టింపు చెయ్.

ప్యాడ్ కొనాల్సిన పని లేదు. 12 మి.మీ. ప్లైవుడ్ మీద 6 మి.మీ. రబ్బరు షీటు, అడుగు చదరం ముక్క, అంటించుకో. అడుగున పాత గుడ్డ వేస్తే ఇంట్లోవాళ్లకు చప్పుడు తగ్గుతుంది. పూర్తిగా దీని మీదే ఆధారపడొద్దు. రబ్బరు ఎగరేసే దెబ్బను నీ చెయ్యి కొట్టిందనుకుంటావు. రోజూ ఐదు నిమిషాలు మడిచిన టవల్ మీద డబుల్స్ (ఒక్కో చేత్తో రెండేసి దెబ్బలు) కొట్టు, రెండో దెబ్బలో నీ వేళ్లు ఎంత పని చేస్తున్నాయో అప్పుడు తెలుస్తుంది.

చంద్రగిరి_అక్క:
పై మాటలన్నీ సరైనవే. రుడిమెంట్ల (స్టిక్కు చేతి మూల పాఠాలు) గురించి నేను చెబుతా. పర్కషివ్ ఆర్ట్స్ సొసైటీ 1984లో ఖరారు చేసిన పట్టికలో 40 ఉన్నాయి, అవన్నీ ముందేసుకోవద్దు తమ్ముడూ. నోటీసులో ఉన్న మూడింటినీ స్టిక్కు లేచే ఎత్తులతో సహా శుభ్రం చెయ్. సెలక్షన్‌లో చెవి ఉన్న మాస్టారు చూసేది వేగం కాదు, ఎత్తు.

పారాడిడిల్: కుడి ఎడమ కుడి కుడి, ఎడమ కుడి ఎడమ ఎడమ. మొదటి దెబ్బ 9 అంగుళాల నుంచి, మిగతా మూడు 3 అంగుళాల నుంచి. నాలుగూ ఒకే బరువుతో వస్తున్నాయంటే మొదటి దెబ్బ కొట్టిన స్టిక్కు పైకి ఎగిరిపోతోందని అర్థం. కొట్టిన వెంటనే వెనక మూడు వేళ్లూ మెల్లగా మూసి దాన్ని 3 అంగుళాల దగ్గర ఆపాలి. బిగించి పిండితే ముంజేయి రాయి అవుతుంది, వేగం పడిపోతుంది, బొటనవేలి పక్కన బొబ్బ వస్తుంది. రెండో దెబ్బ, అంటే ఎడమది, కొట్టగానే పైకి లేవాలి, తర్వాతి బరువు దెబ్బ దానిదే. చాలామంది మర్చిపోయేది ఈ లేపడమే.

ఫ్లామ్‌లో పెద్ద దెబ్బకు కాస్త ముందు పడే చిన్న దెబ్బ 1 అంగుళం, పెద్దది 9. రెండు చేతులూ ఒకేసారి వదులు. ఎత్తులో తేడా ఉంటే ముందు వెనక అదే వస్తుంది. రెండూ కలిసి ఒకటే టప్ అంటే చిన్న చెయ్యి పైకి లేచిందన్నమాట. విడివిడిగా రెండు వినిపిస్తే చిన్నదాన్ని నువ్వే ముందుగా తోస్తున్నావు.

ఫైవ్ స్ట్రోక్‌ను తకధిమిలో పెట్టుకో: త మీద రెండు కుడి, క మీద రెండు ఎడమ, ధి మీద ఒక్క కుడి, మి ఖాళీ. ఆ ఖాళీని తినేస్తే తర్వాతి అడుగు ముందుకు జరుగుతుంది.

తిరుచానూరు_తాళం:
చాలా థ్యాంక్స్ అన్నా, అక్కా. 6/8లోనే తప్పుతున్నా, నిజమే. ఇంకో రెండు సందేహాలు. ఎడమ చేతి స్టిక్కును కింది నుంచి, అరచెయ్యి పైకి ఉండేలా పట్టాలా, రెండు చేతులూ ఒకే తీరుగా పట్టాలా? జాతీయగీతం రోల్ ఎంతసేపు?

కార్వేటినగరం_బ్యాండ్‌మాస్టర్:
బాబూ, మీ కాలేజీ డ్రమ్ము భుజం బెల్టుకు వేలాడుతుందా, ఛాతీ హార్నెస్ (భుజాలకు తగిలించే చట్రం) మీద సమంగా కూర్చుంటుందా చూడు. కుడి భుజం మీది బెల్టుకు వేలాడే డ్రమ్ము ఎడమ తొడ దగ్గర ఉంటుంది, కుడి వైపుకు వాలుతుంది. ఎడమ అంచు ఎత్తులో ఉంటుంది కాబట్టి ఆ చేత్తో స్టిక్కును కింది నుంచి పట్టే పద్ధతి అక్కడ పుట్టింది. హార్నెస్ అయితే రెండు చేతులూ ఒకే తీరుగా పట్టుకో, మూడు వారాల్లో అదే కుదురుతుంది. బెల్టు డ్రమ్ము అయితే ఇప్పుడున్న వాళ్లు ఎట్ల పడుతున్నారో చూడు, వరుసలో ఒక్కడివే వేరుగా కనిపించకూడదు. ఏ పద్ధతైనా స్టిక్కును దాని మందపు చివర నుంచి మూడో వంతు దగ్గర పట్టు. డ్రమ్ము ఎత్తు మాత్రం ముందురోజే సరిచూసుకో. కాలు లేపితే మోకాలు డ్రమ్ముకు తగిలిందంటే ఆ పూట లయ అక్కడే పోతుంది.

రోల్ సంగతి శ్రద్ధగా విను. కేంద్ర హోంశాఖ ఆదేశాల్లో స్పష్టంగా ఉంది: స్లో మార్చ్‌లో 7 అడుగులు. మెల్లగా మొదలై, ఎంత గట్టిగా వీలైతే అంత గట్టిగా పెరిగి, మళ్లీ మెల్లగా తగ్గాలి. ఏడో అడుగు దాకా వినిపిస్తూనే ఉండాలి. ఆ తర్వాత ఒక అడుగు మౌనం, అప్పుడే గీతం. స్లో మార్చ్ నిమిషానికి 70 అనుకుంటే 7 అడుగులకు 6 సెకన్లు.

ఇక్కడ పిల్లలు రెండు చోట్ల చెడగొడతారు. ఒకటి, శబ్దం పెరిగేకొద్దీ చేతి వేగం కూడా పెంచేస్తారు. వేగం మారకూడదు, ఎత్తు ఒక్కటే మారాలి. 70లో అడుగుకు ఆరు కదలికలు, అంటే తకిట తకిట, ప్రతి కదలికలో స్టిక్కును చర్మం మీద కొద్దిగా అదిమితే జిర్రుమనే శబ్దం అతుక్కొని వస్తుంది. సెకనుకు ఏడు కదలికలు. 120లో అడుగుకు నాలుగు వేస్తే సెకనుకు ఎనిమిది, కాబట్టి చేతికి అలవాటయ్యే వేగం దాదాపు ఒకటే. రెండోది, తగ్గేటప్పుడు ఐదో అడుగుకే శబ్దం చచ్చిపోతుంది. నాలుగో అడుగు శిఖరం అనుకొని, ఐదు, ఆరు, ఏడు విడివిడిగా లెక్కపెట్టి దించు. మెల్లటి రోల్‌ను చర్మం మధ్యలో కాకుండా అంచు వైపు కొట్టు, గట్టిదనం పెరిగేకొద్దీ మధ్యకు రా.

చూసి వాయించే బార్లకు నీ సొల్లు (నోటితో చెప్పే జతులు) చాలు. ఎయిత్ (అర లెక్క స్వరం), రెండు సిక్స్‌టీన్త్‌లు (పావు లెక్కవి) వస్తే త, ధిమి. రెండు సిక్స్‌టీన్త్‌లు, ఎయిత్ అయితే తకధీ. చుక్క ఉన్న ఎయిత్, సిక్స్‌టీన్త్ అయితే తాఆఆమి. ఈ చివరిది తిశ్రంలోకి జారిపోతుంది, 6/8 వాయించిన వెంటనే ఇంకా ఎక్కువ. కాగితం చేతికి ఇచ్చినాక ముందు తాళం గుర్తు, తర్వాత అన్నిటికంటే ఇరుకైన బార్ చూడు, ఆ బార్‌కు సరిపోయే వేగంలోనే మొదలుపెట్టు. ఒక దెబ్బ పోయినా కాలు ఆపొద్దు, తర్వాతి ఎడమ కాలికి కలుసుకో.

కొర్లగుంట_స్నేర్:
ఒక చిన్న మాట కలుపుతా. గది లోపల డ్రమ్ము మీద కొట్టే రోజు చెవుల్లో ఫోమ్ ప్లగ్‌లు పెట్టుకో. సెలక్షన్ గ్రౌండులో అయితే గోడల మోత ఉండదు, శబ్దం చిన్నదిగా అనిపించి అందరూ గట్టిగా బాదుతారు, వేగం పెరుగుతుంది. ఒక్కసారైనా ముందే బయట వాయించి చూడు. డ్రమ్ము కింది చర్మానికి ఆనే స్నేర్ తీగలు గరగరమంటే బిగింపు మర కొద్దిగా తిప్పు, మరీ బిగిస్తే శబ్దం గొంతు నొక్కినట్టవుతుంది. చర్మం బోల్టుల జోలికి ఆ రోజు పోవద్దు, అవి ఎదురెదురుగా కొంచెం కొంచెం తిప్పుతా సరిచేసేవి, దానికి తీరిక కావాలి.