నిద్ర మందుల ట్రయల్స్: 'సగటున 22 నిమిషాలు' అని చెబితే సరిపోతుందా?

నరసన్నపేట మందుల షాపు:
రాత్రి ఎనిమిది దాటాక వచ్చే చీటీల్లో జోల్పిడెమ్ అనే నిద్ర మాత్ర లేని రోజు ఉండదు. "ఇది వేసుకుంటే ఎంత తొందరగా నిద్ర పడుతుంది బాబూ?" అని అడుగుతారు. 2012లో బీఎంజే పత్రికలో వచ్చిన విశ్లేషణలో, మందులకు అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ దగ్గరున్న 13 ట్రయల్స్ (మనుషుల మీద చేసిన మందు పరీక్షలు) కలిపి చూశారు. జోల్పిడెమ్ తరహా మందులతో, మందు లేని ఉత్తుత్తి మాత్ర (ప్లాసిబో) కంటే సుమారు 22 నిమిషాలు ముందు నిద్ర పట్టింది. ల్యాబులో కొలిచిన లెక్క అది. కానీ ఒకరికి 44 నిమిషాలు తగ్గి, పక్కవాడికి ఒక్క నిమిషమూ తగ్గకపోయినా సగటు 22 అవుతుంది కదా! ఎంతమందికి గుణం కనిపించింది, ఎంతమంది మధ్యలో మానేశారు అన్నదే ముందు చెప్పాలని నా వాదన.

విజయనగరం లెక్చరర్, స్టాటిస్టిక్స్:
గుణం అంటే గీత ఎక్కడ గీస్తారండీ? నిద్రలేమి తీవ్రతను కొలవడానికి వాడే ఐఎస్ఐ అనే ప్రశ్నావళిలో 7 ప్రశ్నలు, 28 మార్కులు. 7 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే నిద్రలేమి లేనట్టు. 15 నుంచి 7కి దిగినవాడు బాగుపడినవాళ్ల లెక్కలో చేరతాడు. 26 నుంచి 8కి దిగినవాడు చేరడు. పరీక్షల్లో 34కీ 35కీ మధ్య మా పిల్లలు పడే బాధే ఇది. పైగా మీరు చెప్పిన ఆ ఒకరికి 44 నిమిషాలు మందు వల్లే తగ్గాయో, ఆ వారం ఎలాగూ నిద్ర పట్టేదో ఒక్క మనిషిని చూసి చెప్పలేం. ప్లాసిబో గుంపుతో తేడా, ఆ తేడా ఎంత అటూఇటూగా ఉండొచ్చో చెప్పే హద్దులు, ఇవి రాస్తే చాలు.

పలాస:
మాస్టారూ, మా అమ్మ జీడిపప్పు వలిచే పనికి వెళ్తుంది. డాక్టరు మాత్ర ఇవ్వకుండా ఆరు వారాలు నోటుబుక్కులో రాయించారు. మొదటి పేజీలో "పడక 9, కునుకు 12, మెలకువ 2, మళ్లీ 3" అని ఉంది. పడుకునే వేళ పదకొండుకు మార్చారు. మొత్తం నిద్ర పెద్దగా పెరగలేదు. కానీ ఇప్పుడు పప్పు వలుస్తూ తూలడం లేదు, వేలు తెగడం లేదు. నిద్ర అలవాట్లు, ఆలోచనలు మార్చి నిద్రలేమిని తగ్గించే ఈ పద్ధతి పేరు సీబీటీ-ఐ. 2015లో దీని ట్రయల్స్ కలిపి చూస్తే మొత్తం నిద్ర 8 నిమిషాలైనా పెరగలేదు. మధ్యలో మెలకువగా ఉండే సమయం మాత్రం 26 నిమిషాలు తగ్గింది. మొదటి అంకె ఒక్కటే రాస్తే మా అమ్మ ఈ వైద్యానికి ఒప్పుకునేదే కాదు. పగలు ఎలా గడిచిందో ఎవరు రాస్తారు?

నరసన్నపేట మందుల షాపు:
చెల్లెమ్మ పాయింటు అసలైనది. జోల్పిడెమ్ అమెరికాలో 1992 నుంచి ఉంది. మర్నాడు ఉదయం కూడా ఆడవాళ్ల రక్తంలో మందు ఎక్కువగా మిగులుతోందని వాళ్ల మోతాదును 10 నుంచి 5 మిల్లీగ్రాములకు ఎఫ్‌డీఏ తగ్గించమన్నది 2013లో! ఇరవై ఏళ్లు పట్టింది. గీత విషయంలో మాస్టారి మాట ఒప్పుకుంటాను. మానేసినవాళ్ల విషయంలో మాత్రం ఒప్పుకోను. తల తిరిగి మానేసినవాళ్లను లెక్కలోంచి తీసేస్తే మిగిలేది మందు పడినవాళ్ల సగటే.

విజయనగరం లెక్చరర్, స్టాటిస్టిక్స్:
తీసేయకూడదు, అందులో మీతోనే ఉన్నాను. మన దేశంలో 2009 జూన్ 15 నుంచి ట్రయల్‌ను ముందే సీటీఆర్ఐలో (ట్రయల్స్ వివరాలు అందరికీ కనిపించేలా ఉంచే జాతీయ రిజిస్టర్‌లో) నమోదు చేయాలి. ముఖ్య ఫలితం ఏదో అక్కడే రాయాలి. పగటి మగతను కూడా ఆ ముందు రాతలోనే చేర్చమని అడుగుదాం. ఫలితాలు వచ్చాక ఏరుకుంటే, పగలైనా రాత్రైనా నేను నమ్మను.