పని లేనప్పుడే బిగుసుకుపోయే కంప్యూటర్: అనుభవాలు పంచుకుందాం

నల్లగొండ నుంచి, చర్చ ప్రారంభించిన సభ్యుడు:
క్లాక్‌టవర్ సెంటర్‌కు దగ్గరలో మాకు చిన్న జిరాక్స్ దుకాణం ఉంది. అందులో ఇంటెల్ సెలెరాన్ జే1900 ప్రాసెసర్ ఉన్న డెస్క్‌టాప్‌ను ఏళ్లుగా వాడుతున్నాము. విండోస్ 7కు 2020 జనవరిలో మద్దతు ఆగిపోయిన తరువాత కూడా కొంతకాలం దానితోనే నెట్టుకొచ్చి, చివరికి లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేయించాము. అప్పటి నుంచి యంత్రం ఉన్నట్టుండి బిగుసుకుపోతున్నది. మౌస్ బాణం కదలదు, తెర మీది గడియారం ఆగిపోతుంది, క్యాప్స్‌లాక్ నొక్కినా దాని లైటు మారదు. పవర్ బటన్‌ను నొక్కి పట్టి ఆపడం తప్ప దారి లేదు. ర్యామ్ మార్చాము, హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయించాము, దుమ్ము దులిపించాము. మూడు వేల రూపాయలకు పైగా ఖర్చయినా ఫలితం లేదు. పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తు సగం నింపిన తరువాత ఇలా జరిగితే, ఊరి నుంచి బస్సెక్కి వచ్చిన తల్లిదండ్రులకు ఏం చెప్పాలో తోచడం లేదు.

మిర్యాలగూడ సభ్యుడు:
మా వైపు యాసంగిలో బోరు మోటార్లన్నీ ఒకేసారి నడిచినప్పుడు వోల్టేజీ బాగా పడిపోతుంది. అయితే అప్పుడు మా కంప్యూటర్ ఆరిపోయి మళ్లీ మొదలవుతుందే కానీ, తెర మీద బొమ్మ అలాగే నిలిచిపోదు. కాబట్టి మీది కరెంటు సమస్య అనిపించడం లేదు.

మహబూబ్‌నగర్, కళాశాల ల్యాబ్ చూసుకునే సభ్యుడు:
అన్నగారూ, ఇంకో రూపాయి ఖర్చు పెట్టకముందు ఒక్క విషయం గమనించండి. యంత్రం ఆగిపోయేది ఎక్కువ పని చేస్తున్నప్పుడా, లేక ఊరికే ఉన్నప్పుడా? ఎండాకాలం మధ్యాహ్నం, పని ఎక్కువైనప్పుడు ఆగితే వేడిని అనుమానించాలి. ఖాళీగా ఉన్నప్పుడో, తేలికపాటి పని సాగుతున్నప్పుడో ఆగితే కథ వేరు.

పని లేని సమయంలో ప్రాసెసర్ కరెంటు ఆదా చేయడానికి నిద్రలోకి జారుకుంటుంది. ఈ నిద్రలో సీ-స్టేట్లు అనే మెట్లుంటాయి. లోతు పెరిగిన కొద్దీ చిప్‌లో ఎక్కువ భాగాలు ఆరిపోతాయి, లేవడానికి ఎక్కువ సమయం పడుతుంది. మీ జే1900 బే ట్రెయిల్ తరానికి చెందినది. ఆ తరం చిప్‌లు లోతైన నిద్రలోకి వెళ్లి వచ్చే క్రమంలో లినక్స్ కింద పూర్తిగా స్తంభించిపోతున్నాయని ఎందరో ఫిర్యాదు చేశారు. లినక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్ కెర్నెల్; దాని లోపాలు నమోదు చేసే బగ్‌జిల్లా సైటులో 109051 సంఖ్య గల నివేదిక దీని గురించినదే. మా ల్యాబ్‌లోనూ ఇదే తరం యంత్రాలు ఆరు ఉండేవి. ముందటి బూట్ లాగ్ (బిగుసుకుపోక ముందు యంత్రం రాసుకున్న చిట్టా) తెరిచి చూస్తే ఏ తప్పూ నమోదు కాకుండా మామూలు వరుసల మధ్యనే రాత ఆగిపోయి కనిపించేది. తప్పు రాసుకునే లోపే కెర్నెల్ స్తంభించేదన్న మాట.

మేము చేసింది ఇది: కంప్యూటర్ ఆన్ చేయగానే లినక్స్‌ను మొదలుపెట్టే గ్రబ్ అనే ప్రోగ్రామ్ సెట్టింగుల ఫైలులో, క్వైట్ స్ప్లాష్ అని ఉన్న వరుసకు ఇంటెల్_ఐడిల్.మ్యాక్స్_సీస్టేట్=1 అన్న కెర్నెల్ ఆదేశాన్ని (ఇంగ్లీషు చిన్న అక్షరాలతో, మధ్యలో ఖాళీ లేకుండా) జోడించి, అప్‌డేట్-గ్రబ్ నడిపి రీస్టార్ట్ చేశాము. దీనివల్ల ప్రాసెసర్ తేలిక నిద్రతోనే సరిపెట్టుకుంటుంది. కరెంటు కొంచెం ఎక్కువ తీసుకుంటుంది. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ తొందరగా తగ్గుతుంది. డెస్క్‌టాప్‌కు ఆ బెంగ లేదు.

వనపర్తి సభ్యుడు:
నా యంత్రంలో ఉన్నది 2017 నాటి మొదటి తరం రైజెన్, ఏఎండీ కంపెనీ ప్రాసెసర్. రాత్రి అలాగే వదిలేస్తే పొద్దున్నకు రాయిలా పడి ఉండేది. బయోస్‌లో (కంప్యూటర్ బోర్డు సొంత సెట్టింగులలో) పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్ అన్న చోట టిపికల్ కరెంట్ ఐడిల్ ఎంచుకున్నాక ఆ బాధ తీరింది. పైన చెప్పిన ఇంటెల్ ఆదేశం రైజెన్‌కు పని చేయదు, కాబట్టి ముందు మీ చిప్ ఏదో తెలుసుకొనే ఏ మార్పైనా చేయండి.

నాగర్‌కర్నూల్ సభ్యురాలు:
విండోస్ 11 వాడే రైజెన్ వారికి ఒక మాట. క్షణమో రెండు క్షణాలో తడబడి, శబ్దం కూడా చీలిపోయి, మళ్లీ మామూలు అయితే అది వేరే జబ్బు. ప్రాసెసర్ ఫర్మ్‌వేర్‌లోని టీపీఎం అనే భద్రతా భాగం వల్ల ఇలా జరుగుతున్నదని ఏఎండీ 2022 మార్చిలో ఒప్పుకొని, బయోస్ అప్‌డేట్ ద్వారా సవరణ ఇచ్చింది. నాకు బయోస్ అప్‌డేట్‌తోనే పోయింది. అయితే ఆ పని మధ్యలో కరెంటు పోతే బోర్డుకే ప్రమాదం. యూపీఎస్ లేకుండా చేయకండి.

నల్లగొండ నుంచి, చర్చ ప్రారంభించిన సభ్యుడు:
మహబూబ్‌నగర్ తమ్ముడు అడిగినట్టు వారం రోజులు కాగితం మీద రాసుకున్నాను. తొమ్మిదిసార్లు ఆగితే, ఏడుసార్లు గిరాకీ లేని వేళలోనే ఆగింది. ఆ ఆదేశం జోడించి నేటికి ఇరవై నాలుగు రోజులు. ఒక్కసారి కూడా ఆగలేదు. మధ్యలో కెర్నెల్ అప్‌డేట్ వచ్చినా ఆదేశం అలాగే నిలిచి ఉంది. తీసి పక్కన పెట్టిన పాత ర్యామ్‌ను మెమ్‌టెస్ట్ అనే ప్రోగ్రామ్‌తో రాత్రంతా పరీక్షించాను, ఒక్క తప్పూ చూపలేదు. దాన్ని మా అమ్మాయి కంప్యూటర్‌లో వేశాను.