రజని గారి సభ: హాలు పోయింది

(సింగపూర్‌లోని మన తెలుగు సంఘం ఫోను గుంపులో నడిచిన మాటలివి. విశాఖలో ఉన్నవాళ్లను వాళ్ల పేటల పేర్లతో రాశాను.)

కార్యదర్శి (సింగపూర్): రజని గారి జయంతి జనవరి 29కి ఇంకా తొమ్మిది రోజులే. సంక్రాంతికి విశాఖ వచ్చిన మన సభ్యులు చాలామంది నెలాఖరు దాకా అక్కడే ఉంటారు. మిగిలినవి: ఫ్లెక్సీ, శాలువాలు ఆరు, జ్ఞాపికలు, పూలగుత్తులు, భోజనాల లెక్క. ఎవరిది ఏ పనో రేపటిలోగా చెప్పండి. ఆహ్వాన పత్రికలో బాలాంత్రపు రజనీకాంతరావు గారి పేరు కింద ‘ఆకాశవాణి విశ్రాంత సంచాలకులు’ అని వేస్తే సరిపోతుందా?

సిరిపురం: సరిపోదు. ఆకాశవాణి ఉద్యోగి కాబట్టే సినిమాకు చేసిన పాటలకు సోదరుడు నళినీకాంతరావు పేరు పెట్టుకోవలసి వచ్చింది ఆయనకు. ఇప్పుడు మనం కూడా ఉద్యోగం ఒక్కటే వేసి పాటను దాచేస్తామా? ముందు వాగ్గేయకారుడు అని వేయండి. 1978లో పదవీ విరమణ చేశాక నలభై ఏళ్లు జీవించారు.

మర్రిపాలెం: పత్రిక ఆపండి. హాలు పోయింది. ఆ రోజు ఏదో ప్రభుత్వ సమావేశం పడిందట, మేనేజరు ఇప్పుడే ఫోను చేశాడు. ఇరవై వేల అడ్వాన్సులో పది వేలే తిరిగి ఇస్తాడట. మిగతాది శుభ్రం చేయించిన ఖర్చట. జరగని సభకు ఏం ఊడ్పించాడో!

కోశాధికారి (సింగపూర్): రసీదు ఉందా?

మర్రిపాలెం: తెల్లకాగితం మీద సంతకం ఉంది.

కోశాధికారి: ముద్ర వేసిన రసీదు తీసుకోమని నవంబరులోనే చెప్పాను. అది సభ్యుల డబ్బు.

మర్రిపాలెం: మూడుసార్లు బండి మీద తిరిగాను. పెట్రోలు ఖర్చయినా అడగలేదు. అంత అనుమానం ఉంటే మీరే వచ్చి చూసుకోండి. నేను తప్పుకుంటున్నాను.

పెదవాల్తేరు: తమ్ముడూ, ఆగు. కోశాధికారి గారూ, అక్కడ కూర్చుని రసీదు అడగడం తేలికే. మా డాబా ఉంది. ఎనభై మంది పడతారు.

కార్యదర్శి: డాబా మీద సభ అంటే సంఘానికి ఏం గౌరవం అమ్మా?

పెదవాల్తేరు: ఆయన ఎం.ఏ. చదివిన ఆంధ్ర విశ్వవిద్యాలయం మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరం. పింగళి లక్ష్మీకాంతం గారి దగ్గర చదువుకున్న ఊరండీ ఇది. ఇంతకంటే గౌరవం ఏ హాలులో ఉంది?

మర్రిపాలెం: సౌండు అబ్బాయిని అడిగాను. డాబా మీద సముద్రపు గాలికి మైకులో పాట కంటే హోరే ఎక్కువ వస్తుందట.

(తప్పుకుంటానన్న మనిషి పది నిమిషాల్లో సౌండు అబ్బాయిని కనుక్కున్నాడు. శుభం.)

సిరిపురం: ముప్పై ఏళ్లు రేడియో మైకు ముందు కూర్చున్నవాణ్ణి, నా మాట వినండి. పిల్లల్ని కింది గదిలో పాడిద్దాం. గోడలకు పరుపులు నిలబెట్టి, కిటికీలకు బొంతలు కట్టి, ఒకటే మైకు పెడదాం. పైన సౌండు బాక్సులు. జనం వెన్నెల్లో కూర్చుని వింటారు. సాయంత్రం ఆరుకు మొదలుపెడితే సింగపూర్‌లో ఎనిమిదిన్నర, అక్కడివాళ్లూ ఫోనులో వినవచ్చు. 1947 ఆగస్టు 15న మద్రాసు రేడియోలో టంగుటూరి సూర్యకుమారి గారు ‘మాదీ స్వతంత్ర దేశం’ పాడితే, విన్నవాళ్లెవరూ ఆమె చీర రంగు చూడలేదు.

అక్కయ్యపాలెం: మా పాప ఆ పాటే రెండు నెలలు నేర్చుకుంది. పట్టు పరికిణీ కుట్టించాను. శ్రీకాకుళం నుంచి బామ్మ వస్తోంది. ఎవరికీ కనిపించకుండా బొంతల మధ్య పాడించడానికా?

సిరిపురం: పాట అంటే వినేది కదమ్మా.

అక్కయ్యపాలెం: మీకేం బాబాయి గారూ, మీ మనవరాలు పాడటం లేదు.

పెదవాల్తేరు: వరండా వైపు అద్దాల కిటికీ ఒకటి ఉంది. దానికి బొంత కట్టం. బామ్మగారికి అక్కడ కుర్చీ వేస్తాను.

సిరిపురం: అద్దం నుంచి ధ్వని తిరిగి కొడుతుంది.

పెదవాల్తేరు: కొట్టనీయండి.

అక్కయ్యపాలెం: రెండు కుర్చీలు వేయండి. పులిహోర నేను తెస్తాను, ఎనభై మందికి.

కార్యదర్శి: శాలువాలు ఎవరు తెస్తున్నారు?

మర్రిపాలెం: పరుపులు నాలుగు దొరికాయి. ఇంకో రెండు కావాలి. పక్కింటి కుక్కను ఆ పూటకు ఎవరైనా బీచికి తీసుకుపోతే మంచిది.

కోశాధికారి: సౌండు బాక్సుల అద్దె నా సొంతానిది పంపాను. సంఘం లెక్కలో రాయను. నిన్న అన్నమాట పట్టించుకోకు. రసీదు మాత్రం తీసుకో.

మర్రిపాలెం: ముద్ర వేయించి ఫోటో పంపాను, చూడండి. అక్కా, డాబా మెట్ల దగ్గర బల్బు మాడిపోయింది. చీకటి పడేలోగా ఎవరైనా కొత్తది తెండి.